ఖైరూ కూర్చున్న పనసపీట

మా చెల్లెలి కూతురు పద్మ అనకాపల్లి నుంచి ఫోన్ చేసి, కుశలప్రశ్నలన్నీ అయ్యాక, పెట్టేసే ముందు ఒక మాట అంది. "పెద్దమ్మా, నీ సీరియల్ మా వీధిలో అందరికీ తెగ నచ్చేసింది. కాకపోతే ఎవరూ చూడట్లేదు." సీరియళ్లు రాసుకుని బతికేవాళ్లను పొగడడంలో ఇదొక కొత్త పద్ధతి కాబోలు అనుకున్నాను. చూడకుండా నచ్చడమేమిటే అన్నాను. "సరిగ్గా ఆ టైముకే కరెంటు పోతోంది, వేసవి కదా. ఖైరూ మామ్మ వాళ్లకి ఇన్వర్టర్ ఉంది. ఆవిడ చూసి, మర్నాడు పొద్దున్న అరుగు మీద కూర్చుని అందరికీ చెబుతుంది. మొన్నొకరోజు కరెంటు పోలేదు, మేమంతా టీవీలోనే చూశాం." పద్మ గొంతు తగ్గించింది. "ఏమీ అనుకోకు పెద్దమ్మా, ఖైరూ మామ్మ చెబితేనే బాగుంది."

ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డాను. ఎనభై దాటిన మనిషికి బీపీ రావచ్చు, షుగరు రావచ్చు, అసూయ మాత్రం కొత్తగా రాదంటారు. నిజమే, నాకు వచ్చింది కొత్తది కాదు. నా చిన్నప్పుడు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడి నుంచే తరువాయి భాగం మొదలైంది. జీవితమంతా టీవీ నాటకాలు రాసినందుకు నాకు మిగిలిన జబ్బు ఇదే, సొంత అసూయ కూడా సీరియల్‌గానే వస్తుంది. పత్రికలవాళ్లు వచ్చి "నాటకం రాయడం ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అని అడిగినప్పుడల్లా నేను గంభీరంగా తూర్పు నాటకాలనీ పడమటి నాటకాలనీ రెండు దిక్కులా చెయ్యి చూపిస్తూ వచ్చాను. సత్యవతి అని పేరు పెట్టిన మా పెద్దవాళ్లకు నేను కల్పనలమ్ముకుని బతుకుతానని తెలియదు పాపం. ఉన్న సంగతి చెప్పాలంటే నాటకం నేను మా ఇంటి చావడిలో, చింతపండు కుప్ప పక్కన, కడుపుమంటతో నేర్చుకున్నాను. ఇంతకాలం చెప్పకపోవడానికి కారణం ఒక్కటే. చెబితే మొదట ఖైరూ పేరు చెప్పాల్సి వస్తుంది.

మా ఇల్లు బెల్లం బజారుకు కూతవేటు. నాన్నది బెల్లం దళారీ వ్యాపారం. మా ఇంట్లో తలుపు గొళ్లెం పట్టుకున్నా చెయ్యి జిగటగా వచ్చేది. నాన్న లాల్చీ జేబులోనూ, మామ్మ కొంగుముడిలోనూ, చివరికి నా పలక చట్రంలోనూ ఆ వాసనే. చీమలు మా ఇంటికి రావడం అంటూ ఉండేది కాదు, అక్కడే పుట్టి అక్కడే పెరిగి పెద్దవయ్యేవి. అంత తీపి ఇంట్లోకి ఏటా ఎండాకాలం ఒక పులుపు దిగేది. మన్యం నుంచి వచ్చిన కొత్త చింతపండు బండి మీద వచ్చి చావడిలో కుప్పగా పడేది. ఏడాది పొడుగునా మా ఇంటికీ, చుట్టాలిళ్లకీ కావలసిన పండు అది. చింతలన్నీ చెట్లకే కాసిన రోజులవి, మనుషులకు కాయడం ఆ తర్వాత మొదలైంది. వీధిలో ఆడవాళ్లంతా మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చి, రాయి మీద పండు పెట్టి చిన్న సుత్తితో కొట్టి, పిక్క తీసి, ఈనె లాగి, ఉప్పు అద్ది ముద్దలు చేసేవారు. ఈవేళ మా ఇంట్లో, రేపు వాళ్లింట్లో. కూలి లేదు, సాయానికి సాయం. కాకపోతే మా చావడికి వచ్చినంతమంది ఇంకెవరింటికీ వచ్చేవారు కాదు. దానికి కారణం మా మామ్మ.

మామ్మ అంటే నాన్నకు తల్లి. ఆవిడకు అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెదవులు బిగించి కాల్చడం. మా వైపు ఆడవాళ్లలో చాలామందికి ఉండేది. నోట్లో నిప్పు ఉన్న మనిషి ఎక్కువ మాట్లాడదు. కళ్లతోనూ, కనుబొమలతోనూ ఇల్లంతా నడిపించేది. చుట్ట బయటికి తీసి మాట్లాడిందంటే అది ఇక తీర్పే. ఆవిడ కనిపెట్టిన కిటుకు ఏమిటంటే, చింతపండు ఒలిచేవాళ్లకు ఒక కథ పెట్టడం. కథ నడుస్తుంటే చేతులు నడుస్తాయి. కథ ఆగితే చేతులాగుతాయి. కాబట్టి కుప్ప అయ్యేదాకా కథ అవకూడదు. ఇదొక్కటే ఆవిడ పెట్టిన నిబంధన. తర్వాత నేను చూసిన నిర్మాతలందరూ కాళ్లూ చేతులూ ఊపుతూ ఇంగ్లీషులో చెప్పింది ఇదే. చింతపండు బదులు సబ్బు అనేవారు, కొబ్బరినూనె అనేవారు, అంతే తేడా.

ఆ కథ చెప్పడానికి మామ్మ కుదుర్చుకున్న మనిషి ఖైరున్నీసా. నా ఈడుదే, నాకన్నా కాస్త పొడుగు. వాళ్ల నాన్నను ఊళ్లో దీపాల సాయిబు అనేవారు. వలలాంటి మేంటిల్ తగిలించి, గాలి కొట్టి వెలిగించే పెట్రోమాక్స్ లైట్లు పెళ్లిళ్లకీ, ఊరేగింపులకీ, నాటకాలకీ అద్దెకిచ్చేవాడు. తల్లి లేని పిల్ల కావడంతో లైట్లతో పాటు ఖైరూని కూడా వెంట తీసుకెళ్లేవాడు. ఆ వేసవి ఒక నాటక సమాజం మా ఊరొచ్చి బజారు మైదానంలో పందిరి వేసుకుని ఉండిపోయింది. యుద్ధం రోజులు, కిరసనాయిలు కరువు, అందుకని దీపాల సాయిబు లేకపోతే రాజూ లేడు, రాజ్యమూ లేదు. మా వీధి ఆడవాళ్లకు నాటకానికి వెళ్లే అలవాటు లేదు. వెళ్లాలన్నా పంపేవాళ్లు లేరు. వెళ్లొచ్చిందల్లా ఖైరూ ఒక్కతే. అదీ జనంలో కూర్చుని కాదు, తెర పక్కన, లైట్ల దగ్గర నిలబడి. అంచేత మర్నాడు మధ్యాహ్నం మా చావడిలో పనసపీట మీద ఖైరూ కూర్చునేది. నేను కింద కూర్చుని పిక్కలు ఏరేదాన్ని. నా సొంత ఇంట్లో.

ఆ పీట చెప్పుకోదగ్గది కాదు. పనసచెక్కది, నాలుగు వేళ్ల ఎత్తు, ఒక కాలు కాస్త పొట్టి. ఖైరూ దాని మీద అటూ ఇటూ ఊగుతూ చెప్పేది. ఆ వేసవిలో అందరూ మళ్లీ మళ్లీ అడిగి ఆడించుకున్న నాటకం ఒకటుంది. రాజు దండయాత్రకు వెళతాడు. రాణి చచ్చిపోయిందని మంత్రి రాజుకు కబురు పంపి, ఆమెను కోటలోంచి గెంటేస్తాడు. రాణి దాసీ వేషం వేసుకుని సొంత కోటలోనే పనికి చేరుతుంది. రాజు తిరిగి వస్తాడు. దాహం అడుగుతాడు. నీళ్లు తెచ్చేది రాణి.

"రాజుగోరు పజ్జెం ఎత్తుకున్నాడు," అనేది ఖైరూ. "ఎత్తుకోనీండి, ఆడికదే పని. మీరు రాణిని సూడండి. దాసీ కోక కట్టుకుని, నీళ్ల సెంబట్టుకుని ఎనకాల నిలబడింది. సొంత మొగుడు. ఇది సచ్చిపోనాదనుకుని ఏడుత్తన్నాడు. సెంబులో నీళ్లు ఒణుకుతన్నాయి. సెయ్యి ఒణకట్లేదు, నీళ్లే."

"ఓలమ్మ! నీళ్లే!" అనేది పక్కింటి నూకాలత్త. ఆవిడకు ప్రతి కథా సొంత సంసారమే. చేతిలో సుత్తి మాత్రం టకటకా ఆడుతూనే ఉండేది.

"రాజు దోసిలి పట్టేడు. రాణి సెంబు ఒంచింది. ఆడు తలెత్తి..."

"తలెత్తి?"

"దీపం తగ్గిపోనాది."

"ఓలే ఖైరూ! నీ దీపం మండా!"

"ఏటి సెయ్యమంటావు అత్తా, తగ్గిపోనాది. మా అబ్బా లోపలికొచ్చేడు. రాజుగోరు జరిగి దారిచ్చేడు. అబ్బా గాలి కొడతన్నాడు. కస్సు... కస్సు... కస్సు..."

"ఎంతసేపు కొడతాడే మీ అబ్బ?"

ఖైరూ అప్పుడు ఓరగా కుప్ప వైపు చూసేది. కుప్ప ఇంకా మోకాలెత్తున ఉండేది. "సాలాసేపు కొడతాడత్తా," అనేది జాలిగా. "మేంటిల్ పాతది."

నవ్వులూ తిట్లూ కలిసి చావడి కప్పు లేచిపోయేది. మా అమ్మ, ఎప్పుడూ పళ్లు కనబడకుండా నవ్వే మా అమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని కదిలి కదిలి నవ్వేది. నా మాటలకు ఆవిడ ఎప్పుడూ అలా నవ్వలేదు. మామ్మ నోట్లో చుట్ట ఆరిపోయేది, ఆ సంగతి ఆవిడకు తెలిసేది కాదు. సాయంత్రం అందరూ లేచాక మామ్మ కొత్త బెల్లం అచ్చులో మెత్తటి తునక తీసి ఖైరూ చేతిలో పెట్టేది. ఇంటిపిల్లను కనక నాకు గట్టి అంచు ముక్క. ఆ ముక్క చప్పరిస్తూ ఖైరూకి ఉన్నవన్నీ లెక్కబెట్టుకునేదాన్ని. వెండి లోలకులు, కాటుక, నాటకాలు చూపించే తండ్రి, ఆపడం తెలిసిన నోరు. నాకు ఉన్నది బడిలో వచ్చిన మొదటి బహుమతి. దాన్ని చావడిలో ఎవరూ వినిపించమని అడగలేదు. అసూయకు వాసన అంటూ ఉంటే అది కొత్త చింతపండూ పాత బెల్లమూ కలిసిన వాసన. నాకు ఇప్పటికీ కంచంలో పులుసు పడగానే ఎవరో ఒకరి మీద కాస్త కుళ్లు పుడుతుంది.

ఒకరోజు ఉండబట్టలేక, "మామ్మా, రేపు నేను చెబుతానే కథ," అన్నాను. మామ్మ చుట్ట బయటికి తీసింది. "నువ్వు సూసేవేటి? సూడందేటి సెప్తావు?" అని మళ్లీ నోట్లో పెట్టేసుకుంది. తీర్పు అయిపోయింది. చూస్తేనే గానీ పీట దక్కదు. అంతే, అన్నం మానేశాను. అన్నం అంటే అన్నమే, బెల్లం మానలేదు, నిరాహారదీక్షలో ఆమాత్రం పాకం ఉండాలి. నాన్న బెంబేలెత్తిపోయాడు. ఆడపిల్లను మగవాళ్ల మధ్య నాటకానికి ఎలా తీసుకెళ్లడం అని వాకిట్లో పచార్లు చేశాడు. చివరికి మామ్మే, "తీసుకెల్లరా, ఒకపాలి సూత్తే దీని తిక్క తీరిపోద్ది," అంది.

తీరలేదు, కానీ చూశాను. వర్తకులందరితో పాటు ముందు వరస చాప మీద, నాన్న ఒళ్లో కూర్చున్నంత దగ్గరగా కూర్చుని చూశాను. ఒక్క పద్యం పోనివ్వలేదు. రాజు గుండెల మీద జరీ ఎంత వెడల్పో, మంత్రి గడ్డం జిగురు ఎక్కడ ఊడిందో, ఎవరు ఏ పక్కనుంచి వచ్చి ఏ పక్కకు వెళ్లారో అన్నీ మనసులో ముద్దలు కట్టుకున్నాను. నీళ్ల ఘట్టం వచ్చేసరికి రాజు జనం వైపు తిరిగి రాగం తీశాడు, వర్తకులు వన్స్‌మోర్ అన్నారు, మళ్లీ తీశాడు. రాణి అతని వైపుకు తిరిగి నిలబడింది. నాకు జడ కనిపించింది. మధ్యలో దీపాల సాయిబు వచ్చి గాలి కొట్టాడు. నాటకం మధ్యలో ఈయనెవరు అని విసుక్కుని కళ్లు మూసుకున్నాను. తెర పక్క చీకట్లో ఖైరూ నిలబడి ఉంటుందని తెలుసు. అటు మాత్రం చూడలేదు.

దేవుడు అప్పుడప్పుడు అసూయపరుల మొర కూడా వింటాడు. మర్నాటికి ఖైరూకి గొంతు పోయింది. పచ్చి మామిడికాయ ఉప్పు అద్దుకుని తిని తిని, లోపలినుంచి గాలి తప్ప మాట రావడం లేదు. మెడకు గుడ్డ చుట్టుకుని, మూగదానిలా మా చావడిలోకి వచ్చి నిలబడింది. మామ్మ దాన్ని చూసింది, కుప్పను చూసింది, చుట్టూ చూసింది. నేను అప్పటికే లేచి నిలబడి ఉన్నాను. మామ్మ కనుబొమ ఎగరేసింది. వెళ్లి పనసపీట మీద కూర్చున్నాను. నాలుగు వేళ్ల ఎత్తు అనుకున్నాను గానీ, అక్కడినుంచి చూస్తే అందరి నడినెత్తులూ కనబడేంత ఎత్తుగా అనిపించింది. ఖైరూ నా ఎదురుగా, నేను రోజూ కూర్చునే చోట కూర్చుని, చింతపండు ఒళ్లో వేసుకుంది.

మొదలుపెట్టాను. ఏదీ వదల్లేదు. పద్యాలకు పద్యాలు అప్పజెప్పాను. జరీ చెప్పాను, గడ్డం చెప్పాను. సుత్తులు ఆడుతున్నాయి, నూకాలత్త "ఊఁ" కొడుతోంది, నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. మంత్రి దొంగ కబురు పంపాడని చెప్పగానే "అయ్యో అయ్యో" అని అందరూ ఒక్కసారి నిట్టూర్చారు. ఎంత బాగా చెబుతున్నాను అనుకుని తలెత్తి చూద్దును కదా, ఒక్కరూ నా వైపు చూడటం లేదు. అందరి కళ్లూ ఖైరూ మీద ఉన్నాయి. అది నోరు విప్పలేదు. ఊరికే వింటోంది. కానీ వినడమంటే ఏం వినడం అది! నేను మంత్రి అనగానే దాని ముక్కుపుటాలు అదిరేవి. కోటలోంచి గెంటేశారు అనగానే చేతిలో పండు అలాగే ఉండిపోయి, చూపు నేల మీదికి జారేది. నేను మాట అనేసి ముందుకు వెళ్లిపోయేదాన్ని, ఆ మాట దాని ముఖంలోకి తాపీగా వెళ్లి, కూర్చుని, కాళ్లు చాపుకునేది. ఆడవాళ్లు నా నోటినుంచి వింటున్నారు, దాని ముఖంలో చూస్తున్నారు. గొంతు పెంచాను. మళ్లీ పెంచాను. చివరికి నాకే సిగ్గేసింది, నేను కూడా దాని ముఖమే చూస్తూ చెబుతున్నాను!

నీళ్ల ఘట్టం వచ్చింది. రాజు పద్యం రెండుసార్లు పాడాను, వన్స్‌మోర్‌తో సహా.

"దీపానికి గాలి కొట్టలేదేటే?" అంది నూకాలత్త ఉన్నట్టుండి.

"అది నాటకం కాదత్తా!"

"మరి అంతసేపూ దీపం ఎలగెలిగిందే? పజ్జెం రెండుపాలులు పాడేడంటన్నావు."

"కొట్టేరులే. ఎవరో వచ్చి కొట్టేరు."

"ఎవరో ఏటే? ఈ గుంట నిజంగా సూసిందేటి అప్పా, లేపోతే ఇంట్లో తొంగుని కలగన్నాదా?" అని మా అమ్మను అడిగింది. మా అమ్మ పళ్లు కనబడకుండా నవ్వింది.

దాంతో నాకు ఒళ్లు మండిపోయి, నేను నిజంగా చూశానని రుజువు చేయడానికి, మిగిలిన నాటకమంతా ఒక్క ఊపులో చెప్పేశాను. రాజు గుర్తుపట్టాడు, రాణి పాదాల మీద పడింది, మంత్రిని ఖైదులో వేశారు, మంగళహారతి పాడారు, తెర దించారు. చెప్పి, ఊపిరి పీల్చుకుని, అందరి వైపూ గర్వంగా చూశాను. "మంచిదమ్మా, పాపం కలిసేరు," అంది నూకాలత్త. ఒళ్లో పిక్కలు దులుపుకుంది, లేచింది. ఆవిడ వెనకాలే అందరూ లేచారు. ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. చావడిలో కుప్ప సగం అలాగే ఉంది. మామ్మ చుట్ట బయటికి తీసింది. ఆ మధ్యాహ్నమంతా అది ఒక్కసారి కూడా ఆరిపోలేదని అప్పుడు గమనించాను.

"కతయిపోనాది గానీ కుప్పవలేదు," అంది. "ఇదెవుడు సేత్తాడే ఇప్పుడు, నీ రాజా?"

రాజు రాలేదు. నేనూ, అమ్మా, మామ్మా, ఖైరూ దీపాలు పెట్టేదాకా పిక్కలు తీశాం. మధ్యలో ఖైరూ నా దగ్గరికి జరిగి, గుసగుసగా, గాలిమాటతో అంది: "బాగానే సెప్పేవే సత్తీ. మాటలన్నీ వచ్చేయి. మొకాలే లేవు. అందుకే నాను పెట్టేను." దాన్ని గిచ్చేద్దామనుకున్నాను. చేతికి చింతపండు అంటుకుని ఉంది. పైగా అప్పటికి నన్ను ఇంకొక సంగతి తొలిచేస్తోంది. ఆత్మగౌరవం చంపుకుని అడిగేశాను. "ఇంతకీ ఆ నీళ్లు పోస్తున్నప్పుడు రాణి ముఖం ఎలా ఉందే? నాకు జడే కనబడింది." ఖైరూ నా వైపు చూసి, పరమ సంతోషంగా నవ్వి, గొంతు మీద వేలు పెట్టి చూపించింది. నొప్పిట. మాట్లాడకూడదుట.

గొంతు వచ్చాక కూడా చెప్పలేదు. ఎన్నిసార్లడిగినా "నువ్వూ సూసేవు కదే" అనేది. పీట మళ్లీ దానిదే అయింది, నేను మళ్లీ పిక్కలకు దిగాను. ఇంకొన్నాళ్లకు దానికి సబ్బవరం సంబంధం కుదిరింది. వెళ్లేటప్పుడు మామ్మ పనసపీటను శుభ్రంగా కడిగి, తుడిచి, ఖైరూ చేతికిచ్చి పంపింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. మనవరాలికి పెళ్లికి నగ పెట్టిందావిడ, నేను కాదనను. కానీ నగలు ఎవరికైనా పెడతారు.

ఆ తర్వాత నా సంగతి నలుగురికీ తెలిసిందే. చదువు, రేడియో నాటకాలు, హైదరాబాదు, టీవీ. రేడియోలో ముఖాలు ఉండవు కాబట్టి కొన్నాళ్లు హాయిగా గడిచింది. టీవీలో మొదటి నాటకం రాయడానికి కూర్చున్న రోజున కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీశాను. కుడివైపు మాట్లాడేవాళ్ల మాట, ఎడమవైపు అది వినేవాళ్ల ముఖం. మొదట ఎడమవైపు నింపేదాన్ని, మాటలు తర్వాత. దర్శకులు నవ్వేవారు. నటీమణులు అలిగేవారు. "ఈ సీనులో నాకు డైలాగే లేదేంటమ్మా?" అని ఒకమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంటే, "డైలాగు లేదు కాబట్టే ఈ సీను నీది" అని సముదాయించాను. తర్వాతి తరం వచ్చి ఆ ఎడమవైపును పట్టుకుని, ఒకే ముఖాన్ని మూడుసార్లు దగ్గరికి లాగి, ఉరుము వేసి, మెరుపు వేసి, అత్తగారి ముఖం కూడా అలాగే లాగి, అరగంట గడిపెయ్యడం మొదలుపెట్టారు. ఆ పాపంలో నాకూ వాటా ఉందని విమర్శకులు రాశారు. రాయనీండి, వాళ్లకదే పని. నన్ను వదలని సంగతి వేరే ఉంది. ఎన్ని వందల ముఖాలు రాసినా నేను రాసింది ఒక్క ముఖమే, నాకు జడ మాత్రమే కనిపించిన ఆ మనిషిది. సరిగ్గా కుదిరిందో లేదో చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉంది, అది చెప్పదు. నాకు శాలువాలు కప్పిన సభలన్నిటిలోనూ, ఆ శాలువా కింద చెమటతో పాటు ఈ దురద కూడా ఉండేది.

పద్మ ఫోన్ చేసిన వారానికే రైలెక్కాను. పద్మ కొడుక్కి జలుబు అని ఇంట్లో చెప్పాను. అనకాపల్లి స్టేషన్లో దిగి ఆటోలో వస్తుంటే బెల్లం వాసన ముక్కుకు తగిలీ తగలనట్టు తగిలింది. ఉందో, నేనే తెచ్చుకున్నానో తెలియదు. మా చావడి ఉన్నచోట మూడంతస్తులు లేచాయి. చింతపండు ఇప్పుడు పిక్క లేకుండా ప్యాకెట్లలో వస్తోంది, కథలు కూడా అలాగే వస్తున్నాయి. ఒలిచే పని ఎవరికీ లేదు. అప్పుడు ఒక కుప్ప చుట్టూ అందరూ కూర్చునేవారు, ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ల ఒళ్లో వాళ్లు ఒలుచుకుంటున్నారు. ఇలా అనుకుంటూ, ముసలితనానికి తగిన నిట్టూర్పు ఒకటి విడిచి, పద్మ వెంట వాళ్ల వీధి మలుపు తిరిగాను. నిట్టూర్పు వృథా అయింది. కొడుకు ఇన్వర్టర్ల కొట్టు పెట్టాక ఖైరూ సబ్బవరం నుంచి మళ్లీ ఈ ఊరే వచ్చేసింది. ఆ కొట్టు ముందు అరుగు మీద ఇరవైమంది దాకా ఆడవాళ్లున్నారు. ఒకరి ఒళ్లో ములగాకు, ఒకరి ఒళ్లో గోరుచిక్కుళ్లు. అప్పుడు పెట్రోమాక్సు, ఇప్పుడు ఇన్వర్టరు. వెలుగు ఎప్పుడూ వాళ్లింట్లోనే ఉంది.

ఖైరూ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. జుట్టు తెల్లబడింది, లోలకులు అవే. మోకాళ్లు నాలాగే పోయినట్టున్నాయి, కాళ్లు కిందికి దించి ఒక పీట మీద పెట్టుకుంది. చూడగానే గుర్తుపట్టాను. పొట్టికాలు కింద మడత పెట్టిన అట్టముక్క. మామ్మ నాకివ్వని పీట మీద అది కాళ్లు పెట్టుకుంది! నన్ను చూసింది, గుర్తుపట్టింది, కథ ఆపలేదు.

"సెల్లెలు గుమ్మంలోకొచ్చింది," అంటోంది. నిన్న సాయంత్రం టీవీలో వచ్చిన, నేను రాసిన భాగమే. అక్క పెళ్లి చెడగొట్టింది చెల్లెలే. ఆ సంగతి అక్కతో చెప్పేస్తుందా లేదా అనేది ఈ వారమంతా నడుస్తున్న తగువు. "అక్క ముగ్గేత్తంది. తలెత్తలేదు. సెల్లెలు నోరు తెరిసింది. అక్క ముగ్గుపిండి ఏళ్ల సందుల్లోంచి జారిపోతంది. గీత లావైపోనాది. సూసేరా? గీత లావైపోనాది."

ముగ్గు నేను రాశాను. గీత లావవడం నేను రాయలేదు. రాసి ఉండాల్సింది. పాత మంట గుండెల్లో భగ్గుమంది.

"సెప్పేత్తదేటి మామ్మా?" అంది ములగాకు అమ్మాయి.

"సెప్పదు," అంది ఖైరూ. "సెప్పక్కర్లేదు. అక్కకి ముందే తెలుసు. పెల్లినాడే తెలుసు."

వచ్చే వారానికి నేను రాసి ఇచ్చి వచ్చింది సరిగ్గా అదే. స్టూడియోలో నలుగురికి తప్ప తెలియదు. ముఖంలో ఏమీ కనబడకూడదని గట్టిగా బిగబట్టాను. అప్పుడే పద్మ నోరు జారింది. "ఆవిడే మా పెద్దమ్మ, ఈ సీరియల్ రాసేది." అరుగు మీద తలలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి. ములగాకు అమ్మాయి నా కళ్లలోకి చూసింది, చూసి, "ఓలమ్మ! అదే! ఆ మొకం సూడండి, మామ్మ సెప్పిందే నిజం! తెలుసంట!" అని అరిచింది. నేను ఒక్క మాట అనలేదు. నన్ను చూసి ఒకామె నోరు నొక్కుకుంది. ఇంకొకామె కళ్లు తుడుచుకుంది. ఖైరూ ఇంకా ఏదో చెబుతూనే ఉంది, ఎవరూ అటు తిరగలేదు.

అప్పుడు ఖైరూ ఆపింది. కుప్ప చూసి కాదు, దీపం తగ్గి కాదు. తన మాట మధ్యలో తనే ఆగిపోయింది. ఆ ముక్కుపుటాలు అదరడం నేను మళ్లీ చూశాను.

"ఓలే, సెప్తన్నది నానయితే దాని మొకమేటే సూత్తారు?"

ఖైరూ నన్ను చాలాసేపు చూసింది. తర్వాత కాళ్లు ఎత్తి, పనసపీటను మడమతో నా వైపు తోసింది. "కూకో సత్తీ," అంది. "మొకం దించుకుని ఆ గోరుసిక్కుళ్లకి ఈనెలు తియ్యి. నన్ను కత సెప్పుకోనీ."

కూర్చున్నాను. మళ్లీ లేవగలనో లేదో అనుకుంటూనే కూర్చున్నాను. ఎవరో నా ఒళ్లో గోరుచిక్కుళ్లు వేశారు. తల బాగా దించుకుని ఈనెలు తీశాను. ఆ సమయంలో వెలిగిపోతున్న నా ముఖం ఖైరూకి కనబడి ఉంటే, జన్మలో మళ్లీ నాతో మాట్లాడేది కాదు.